దొరసాని అప్పజెప్పిన పాట

మా వీధి చివర బట్టలు కుట్టే దుకాణం నడిపే ఒక ముస్లిం కుటుంబం ఉంది. వాళ్ళమ్మాయి డిగ్రీ చదువుతోంది. వేసవి సెలవుల్లో కరెంటు పోయినప్పుడల్లా ఫోను పట్టుకుని మా ఇంటి వరండాలోకి వచ్చి కూర్చుంటుంది. మా వరండాకి గాలి బాగా తగులుతుందని ఆ పిల్లకి ఒక భ్రమ. మే నెలలో మార్కాపురంలో గాలి ఎవరి వరండాకీ తగలదు. తగిలినా, పలకరాయి గుట్టల మీద కాగి వచ్చిన గాలి కనుక, తగలకుండా ఉంటేనే బాగుండేదనిపిస్తుంది. మొన్న అలాగే వచ్చి కూర్చుని, "టీచరమ్మా, ఇది చూడండి, వీళ్ళ జెండా పండగంట. మిలిటరీ లేదు, తుపాకులు లేవు, అంతా పిల్లోళ్ళే!" అని ఫోను నా ముందు పెట్టింది. కళ్ళజోడు వెతుక్కుని చూశాను. ఎర్ర జెండాల మీద నీలం శిలువ గీత. వీధి నిండా పిల్లలు, బ్యాండు మేళం. పక్కన బారులు తీరి నిలబడిన పెద్దవాళ్ళు గొంతెత్తి పాడుతున్నారు. ఆ బారులో ఒక ముసలావిడ కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే పాడుతోంది. "పండగ పూట ఈమెకేం ఏడుపో!" అని నవ్వి, అమ్మాయి వేలితో ఆ బొమ్మను పైకి తోసేసింది. దాని వెనకాల మాగాయ పచ్చడి పెట్టే విధానం వచ్చింది. అమ్మాయి దాంట్లో పడిపోయింది. నేను మాత్రం ఆ ముసలావిడ దగ్గరే ఉండిపోయాను. ఎందుకేడుస్తోందో నాకు కొంత తెలుసు మరి.

నార్వే అనే దేశం పేరు నేను భూగోళం పుస్తకంలో చదవకముందే మా పెద్దమ్మ నోట విన్నాను. పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. ఆమె నోట్లో అది నార్వే కాదు, నారవాయి. పుల్లలచెరువు అవతల ఏదో పల్లె పేరు చెప్పినట్టు చెప్పేది. "దొరసానమ్మది నారవాయి. శానా దూరం. కర్నూలు పోయి, ఆడనుంచి ఇంకా పోవాల" అనేది. అప్పట్లో మాది కర్నూలు జిల్లా. కోర్టుకైనా కచేరీకైనా అక్కడికే పోవాలి. కర్నూలుకు అవతల ఉండే ఊళ్ళ సంగతి దేవుడికే తెలియాలి. తరువాత మా తాలూకాలను తీసుకుపోయి ప్రకాశం జిల్లాలో కలిపారు. అప్పుడు పెద్దమ్మ నారవాయికి దారి కూడా మార్చేసింది. "ఒంగోలు పోయి, ఆడ సముద్రం ఎక్కాల" అని చెప్పడం మొదలుపెట్టింది. జిల్లా మారడం వల్ల మా వాళ్ళకు ఒరిగిందేమిటో నాకు తెలియదు గానీ, పెద్దమ్మ భూగోళ జ్ఞానం మాత్రం కాస్త మెరుగుపడింది.

గిద్దలూరు దారిలో, నల్లమల అంచున, ఒక చిన్న మిషన్ ఆసుపత్రి ఉండేది. పెంకుల కప్పు, చుట్టూ వేపచెట్లు, వెనక ఒక బావి. కాన్పులు, పాముకాట్లు, చలిజ్వరాలు అన్నీ అక్కడికే వచ్చేవి. అక్కడ పెద్ద నర్సు ఆ నార్వే దొరసాని. మా పెద్దనాయన గొర్రెల మందతో ఏడాదిలో సగం అడవిలోనే ఉండేవాడు కనుక, పెద్దమ్మ ఆ ఆసుపత్రిలో వంటమనిషిగా చేరింది. దొరసానికి తెలుగు ఎవరో పంతులు నేర్పినట్టున్నాడు. అచ్చు పుస్తకంలాగే మాట్లాడేది. ఆయన 'నువ్వు' అనే మాట చెప్పడం మరిచిపోయాడో ఏమో, మనుషులకీ పశువులకీ తేడా లేకుండా అందరినీ 'మీరు' అనే పిలిచేది. ఒక్క పెద్దమ్మ దగ్గర మాత్రం 'చెల్లీ, నువ్వు' అని చనువుగా మాట్లాడేది. ఆ 'నువ్వు' పెద్దమ్మే నేర్పిందట. గోడ దూకి తోటలోకి వచ్చిన మేకలతో, "అయ్యా, మీరు బయటికి దయచేయండి" అని బతిమాలేది. మేకలు దయచేసేవి కావు. అప్పుడు వంటింట్లో నుంచి పెద్దమ్మ వచ్చి ఒక్క రాయి విసిరేది. ఆ మర్యాదా ఈ రాయీ కలిసి ఆసుపత్రి తోటను చాలా కాలం కాపాడాయి.

వేసవి సెలవులు వస్తే అమ్మ నన్ను పెద్దమ్మ దగ్గరికి పంపేది. అందువల్ల దొరసాని జెండా పండుగను నేను నా కళ్ళతో చూశాను. వాళ్ళ దేశంలో అది చలి తగ్గి పూలు పూసే కాలమట. మాకు మాత్రం కృత్తిక కార్తె. కాకి కూడా నీడ వదలని ఎండ. ఆ రోజు దొరసాని పెట్టెలోంచి వాళ్ళ ఊరి దుస్తులు తీసి వేసుకునేది. మందపాటి నల్ల ఉన్ని పావడా, పూలు కుట్టిన రవిక, గుండెల మీద వెండి బిళ్ళ. గిద్దలూరు ఎండలో ఉన్ని బట్టలు కట్టుకున్న మనిషిని చూడటానికే సగం ఊరు వచ్చేది. ఎర్ర కాగితాల మీద తెల్ల కాగితం, దాని మీద నీలం గీతలు అంటించి మేమందరం జెండాలు చేసేవాళ్ళం. ఒక ఏడు నీలం కాగితం దొరక్కపోతే పెద్దమ్మ బట్టలకు పెట్టే నీలిమందు తెచ్చి పూసేసింది. ఆ జెండాలు పట్టుకుని ఆయాలు, కాంపౌండరు, రోగుల వెంట వచ్చినవాళ్ళు, పిల్లలం అందరం గేటు దగ్గర బయలుదేరి వేపచెట్లన్నీ చుట్టి బావి దగ్గర ఆగేవాళ్ళం. అక్కడ పాట. పాట తర్వాత బెల్లం పానకం, సెనగ గుగ్గిళ్ళు. చుట్టుపక్కల పల్లెల్లో దాన్ని 'దొరసాని తిరునాళ్ళ' అనేవాళ్ళు.

ఆ పాట వాళ్ళ దేశమంతా పాడుకునే పెద్ద పాట కాదు. అది వేరే ఉందట. ఇది తను పుట్టిన లోయకు మాత్రమే చెందిన పాట అనీ, అక్కడి బడిపంతులు ఎవరో కట్టినదనీ, పిల్లలుగా ఉన్నప్పుడు జెండా పండుగనాడు అదే పాడేవాళ్ళమనీ దొరసాని చెప్పేది. దేశమంటే ఆమెకు ఆ లోయే. మిగిలినవాళ్ళు పెదవులు ఆడించి సరిపెట్టేవాళ్ళు గానీ, పెద్దమ్మ ఒక్కతే పాటంతా పట్టేసింది. మా పెద్దమ్మకు మంచి గొంతు ఉంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసునన్న సంగతి ఊరందరికీ తెలుసు. పాటకు అర్థమేమిటని ఆమె అడిగితే దొరసాని తన పుస్తకం తెలుగులో ఇలా చెప్పింది. "కొండల మీద మంచు కరుగును. నీరు క్రిందికి దుముకును. ఆ నీరు ఎంత దూరము పోయినను, నా ఇల్లు ఇదే అని చెప్పును." ఇంటిని వాళ్ళ భాషలో 'యెమ్' అంటారట. ప్రతి చరణం ఆ మాటతోనే ఆగుతుంది. మనకు మాట చివర అచ్చు లేకపోతే నోరు మూతపడదు కదా, పెద్దమ్మ దాన్ని 'యెమ్మ' అనేది. "యెమ్. చెల్లీ, యెమ్" అని దొరసాని దిద్దేది. "అదే గదమ్మా, యెమ్మ" అని పెద్దమ్మ ఒప్పుకునేది.

మా వాళ్ళ పొరపాటు ఇక్కడే మొదలైంది. నీళ్ళు పైనుంచి కిందికి దూకే పాట అని పెద్దమ్మ ఊళ్ళో చెప్పింది. పైనుంచి కిందికి నీళ్ళు దూకడమంటే మా పడమటి పల్లెల్లో ఒకటే అర్థం, వాన. అది చాలదన్నట్టు, ఒక ఏడు మరీ కరువు. చెరువులు ఎండి, గొర్రెలకు తాగను నీళ్ళు లేక పెద్దనాయన మందను అడవి లోపలికి తోలుకుపోయిన ఏడు. ఆ ఏడు జెండా పండుగనాడు పాట రెండో చరణంలో ఉండగా నల్లమల వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. పాట పూర్తయ్యేలోగా వడగళ్ళతో కూడిన వాన. జెండాల మీది నీలిమందు కారి మా చేతులన్నీ నీలమైపోయాయి. దొరసాని ఉన్ని పావడా తడిసి బరువెక్కి, ఆమెను ఇద్దరు ఆయాలు పట్టుకుని లోపలికి తీసుకుపోవలసి వచ్చింది. అంతే, ఆ పాట వానపాట అయిపోయింది. మరుసటి ఏడు ముండ్లమూరు వైపు నుంచి కూడా జనం బండ్లు కట్టుకుని వచ్చారు. ఆ జనాన్ని చూసి దొరసాని నిలువునా కరిగిపోయింది. ఇంత దూరదేశంలో, ఇంత ఎండలో, తన దేశపు పండుగకు ఇంతమంది వచ్చారని పాట పాడుతూ ఏడ్చేసింది. వాళ్ళు వాన కోసం వచ్చారని ఆమెతో ఎవరూ అనలేదు. చెప్పవా అని నేను అడిగితే పెద్దమ్మ, "ఎందుకు చెప్పాల? సంతోషంగా ఏడుస్తాంది, ఏడ్వనీ" అంది.

వయసు మీదపడి, మోకాళ్ళు పట్టుకుపోయి, దొరసాని చివరికి వాళ్ళ దేశానికి వెళ్ళిపోయింది. పోయేముందు తన సామాన్లన్నీ పంచిపెట్టింది. కుట్టుమిషను ఒక ఆయాకు, గోడ గడియారం కాంపౌండరుకు, పింగాణీ గిన్నెలు ఇంకొకరికి. పెద్దమ్మ వంతు వచ్చేసరికి ఆమె రెండు చేతులూ పట్టుకుని, "చెల్లీ, నీకు నా పాట అప్పజెప్తున్నాను. మా లోయలో జనము పట్నాలకు పోయినారు. ఇప్పుడు ఎవరునూ పాడుట లేదు. నేను మళ్ళీ వచ్చేవరకు పోగొట్టవద్దు" అంది. పెద్దమ్మ ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే పెద్దనాయన కిందపడి నవ్వాడు. "అందరికీ సామాన్లు, నీకు పాటా? ఇంకేం, రేపటి నుంచి పాట పెట్టి సంగటి కెలుకు" అన్నాడు. పెద్దమ్మ నవ్వలేదు. మా వాళ్ళకు అప్పజెప్పడమంటే చిన్న మాట కాదు. ఊరికి పోతూ పక్కింటివాళ్ళు పిల్లనో, ఈనే గొర్రెనో అప్పజెప్పిపోతే, తమ సొంతదానికి ఏమైనా ఫరవాలేదు గానీ అప్పజెప్పినదానికి ఏమీ కాకూడదు.

అలా పెద్దమ్మ పాటను సాకింది. సాకింది అనే మాటే సరైనది. మరిచిపోకుండా ఉండాలంటే పాడుతూ ఉండాలి, పాడుతూ ఉండాలంటే సందర్భం కావాలి. జొన్నలు విసురుతూ పాడింది. తల్లి చచ్చిన గొర్రెపిల్లకు పాలు పడుతూ పాడింది. సెలవులకు పోయిన నన్ను పడుకోబెడుతూ పాడింది. కరువు వచ్చినప్పుడు ఆడవాళ్ళు ఆమెను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. మా వైపు వానలు లేకపోతే కప్పతల్లి ఆట కడతారు. రోకలికి వేపమండలు చుట్టి, మధ్యన కప్పను కట్టి, ఇల్లిల్లూ తిరుగుతూ పాడితే, ఇంటి ఇల్లాలు దాని మీద బిందెడు నీళ్ళు పోస్తుంది. అందులో ఒక చిక్కు ఉంది. వాన పడితే గానీ కప్ప దొరకదు, కప్ప దొరికితే గానీ వాన పడదు. ఆ చిక్కును పక్కన పెట్టి, కప్పతల్లి పాటలన్నీ అయిపోయాక చివరికి దొరసాని పాట అందుకునేవాళ్ళు. వాన పడితే అది దొరసాని మహిమ. పడకపోతే నశ్యం పీల్చి పీల్చి పెద్దమ్మ గొంతు పాడుచేసుకుందని తప్పు ఆమె మీదికి నెట్టేవాళ్ళు.

నేను బి.ఇడి. చదివేటప్పుడు ఒకసారి పెద్దరికంగా చెప్పబోయాను. "పెద్దమ్మా, అది వానపాట కాదు. వాళ్ళ దేశభక్తి గీతం" అన్నాను. ఆమె విసుర్రాయి ఆపి నా వైపు చూసింది. "దేశం మీద భక్తంటే ఏందే? వాన పడాలనుకునేది కాదా?" అంది. నేను ఉద్యోగంలో చేరాక ఏటా ఆగస్టు నెలలో పిల్లల చేత దేశభక్తి గీతాలు పాడించాను. మొదటి చరణం గట్టిగా, రెండో చరణం నసుగుతూ, మూడో చరణం చాక్లెట్ల డబ్బా వైపు చూస్తూ పాడేవాళ్ళు. వాళ్ళను తప్పుపట్టను, నేను కూడా డబ్బాలో ఎన్ని మిగిలాయో చూసుకుంటూనే పాడేదాన్ని. దేశభక్తి గురించి చాలా ఉపన్యాసాలు విన్నాను, కొన్ని నేనే ఇచ్చాను. పెద్దమ్మ అడిగిన ఆ ప్రశ్నకు సమాధానం మాత్రం వాటిల్లో ఎక్కడా దొరకలేదు.

ఏళ్ళ మీద ఏళ్ళు గడిచాయి. ఒక ఎండాకాలం ముందర, దొరసాని ఒక్కసారి ఊరు చూసిపోవడానికి వస్తోందని ఆసుపత్రి పాస్టరు కబురు పంపాడు. అప్పటికి ఆసుపత్రి పేరుకే మిగిలింది. ఎప్పుడో ఒకసారి డాక్టరు వచ్చి పోయేవాడు. కబురు విన్నప్పటి నుంచి పెద్దమ్మకు కాలు నిలవలేదు. నన్ను మార్కాపురం నుంచి రప్పించింది. నశ్యం మానేసింది, ఇది మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. మిరియాల నీళ్ళు పుక్కిలించింది. కప్పతల్లి ఆడవాళ్ళను పోగుచేసి పొద్దున్నే పాట సాధన చేయించింది. ఒక్క కప్ప తప్ప అన్నీ సిద్ధం. "ఆమె కారు దిగంగానే పాట ఎత్తుకోవాల. ఇంకో మాట మాట్లాడొద్దు. ఆమెది ఆమెకు అప్పజెప్పేస్తే నా బరువు దిగిపోతాది పాపా" అంది నాతో. అంత సంబరంగా ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు.

కారు వచ్చింది. దొరసాని దిగింది. నా జ్ఞాపకంలో ఆమె వాకిలంత ఎత్తు మనిషి. దిగిన మనిషి మా పెద్దమ్మ భుజానికి వచ్చింది. చేతికర్ర ఊతంతో నిలబడి, అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూసుకుంటోంది. అప్పుడు రోకళ్ళు లేచాయి, పెద్దమ్మ గొంతు లేచింది. ఆడవాళ్ళు వంత అందుకున్నారు. ఎంత బాగా పాడారంటే, గేటు అవతల పోయే బస్సు కూడా కాసేపు ఆగి, విని మరీ పోయింది. దొరసాని ముఖం విప్పారింది. చేతికర్రతో నేల మీద తాళం వేసింది. పెద్దమ్మ కళ్ళు ఆమె ముఖం మీద నుంచి కదలలేదు. ఆ ముఖంలో ఇప్పుడో ఇంకాసేపటికో ఏదో తెలుస్తుందని చూస్తోంది. పాట అయిపోయింది. దొరసాని చప్పట్లు కొట్టింది. "చాలా బాగున్నది! ఇది మీ వానపాట కదా? వానమ్మా అని వినబడినది. నేను ఇక్కడ ఉన్నప్పుడు ఇంత మంచి పాట నాకు ఎందుకు నేర్పలేదు?" అంది.

అప్పుడే మొదటిసారి ఆ పాటను దొరసాని చెవులతో విన్నాను. మెల్లగా, ఊపిరి పీల్చుకుంటూ సాగే ఆ పాట రోకటి దెబ్బలకు కట్టుబడి ఎప్పుడు పరుగందుకుందో మాకెవరికీ తెలియదు. వంత పాడేవాళ్ళు ఒక్కొక్క ఏడు ఒక్కొక్క మాట చేర్చారు. 'యెమ్' అన్నది యెమ్మ అయి, ఓ యమ్మ అయి, ఏ కరువులోనో వానమ్మ అయి కూర్చుంది. ఇల్లు అనే మాట పోయి ఆ చోట వానదేవత వచ్చింది. రోజూ చూసే పిల్ల పెరుగుతున్నట్టు ఇంట్లోవాళ్ళకు తెలియదు కదా, మాకూ తెలియలేదు. దొరసానికి చెబుదామని నేను నోరు తెరిచాను. పెద్దమ్మ నా మోచేతి పైన గట్టిగా గిల్లింది. "ఔనమ్మా. మా వానపాటే" అంది. గొంతులో వణుకు లేదు. ఆ గొంతు మీద ఆమెకు అంత అదుపు ఉందని నాకు అప్పుడే తెలిసింది.

భోజనాలయ్యాయి. జనం ఎక్కడివాళ్ళక్కడికి పోయారు. మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో పాత బెంచీ మీద దొరసాని, కింద స్తంభానికి ఆనుకుని పెద్దమ్మ, పక్కన నేను. ఎవరెవరు పోయారో, ఎవరి పిల్లలు ఏం చేస్తున్నారో ఆమె అడుగుతోంది, పెద్దమ్మ చెబుతోంది. మాటలు అయిపోయాక దొరసాని కాస్త ముందుకు వంగి, "చెల్లీ, నా పాట ఉన్నదా?" అని అడిగింది. వేపచెట్టు మీద ఉడుత అరుస్తోంది. పెద్దమ్మ తన అరచేతులు చూసుకుంది. "లేదమ్మా. మర్చిపోయినా" అంది.

దొరసాని కోప్పడి ఉంటే బాగుండేది. ఆమె మెల్లగా తల ఊపింది. "పరవాలేదు. నేను కూడా కొంత మరచితిని" అంది. అక్కడ తన సొంత చెల్లెలితో కలిసి ఆ పాట పాడుకునేదట, ఆ చెల్లెలు పోయింది. తనిప్పుడు ఉంటున్న ముసలివాళ్ళ నిలయంలో ఆ లోయవాళ్ళు ఒక్కరూ లేరు. జెండా పండుగనాడు అందరూ కలిసి దేశపు పెద్ద పాట పాడతారు, తనూ పాడుతుంది. "కానీ అది అందరిది. మొదలు గుర్తున్నది, చివర పోయినది. నీ దగ్గర ఉండునని అనుకున్నాను" అంది. అని, కళ్ళు మూసుకుని పాడటం మొదలుపెట్టింది. పగిలిన గొంతు. ఊపిరి అందడం లేదు. అయినా ఆ రాగం నేను చిన్నప్పుడు ఎండలో కాగితం జెండా పట్టుకుని విన్న రాగమే. మొదటి చరణం అయింది. రెండో చరణంలో నీళ్ళు కొండ దిగి వచ్చే చోట ఆగిపోయింది. వెనక్కి పోయి మళ్ళీ అందుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. కర్ర మీద వేళ్ళు మాత్రం తాళం వేస్తూనే ఉన్నాయి.

నేను పెద్దమ్మ వైపు చూశాను. ఆమె పెదవులు కదిలాయి. గొంతులో మాట లేచి ఆగడం నాకు కనిపించింది. ఆ తరువాతి ముక్క ఆమెకు తెలుసు. మా ఊరి భజనలో ఎవరు తడబడినా ముందుగా అందించేది మా పెద్దమ్మే. తడబడనివాళ్ళకు కూడా అందించి తిట్లు తిన్న మనిషి. అటువంటి మనిషి ఆ మధ్యాహ్నం నోరు బిగించుకుని కూర్చుంది. దొరసాని కొంతసేపు అలాగే ఉండి, కళ్ళు తెరిచి, నవ్వింది. "పోయినది" అంది. కళ్ళద్దాలు తీసి, పైటకొంగు లేని మనిషి కనుక చేతిరుమాలతో కళ్ళు తుడుచుకుంది. ఇంతలో పాస్టరు వచ్చి కారు సిద్ధంగా ఉందన్నాడు.

ఇంటికి పోతూ దారిలో నేను ఉండబట్టలేక అడిగాను, తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని. పెద్దమ్మ కొంగు నెత్తి మీదికి లాక్కుని ముందు నడిచింది. తరువాత, "గొర్రెపిల్లను సాకమని ఇచ్చిపోయింది. నేను సాకినా. అది పొట్టేలై ఎదురుగ్గా నిలబడితే, ఇదెవరిదని ఆమే అడిగె. ఇంక ఇది నీ పిల్లే అని ఏ మొగం పెట్టుకొని చెప్పేది? ఆమె పిల్ల యాడుందని అడిగితే ఏం జూపించేది?" అంది. నేనేదో సర్దిచెప్పబోయాను. పాట బతికి ఉందిగా, అంతకంటే ఏం కావాలి అన్నాను. "బతికిందిలే, మనకు" అంది.

ఆ తరువాత కొన్నేళ్ళకు దొరసాని పోయిందని పాస్టరు ద్వారానే తెలిసింది. పెద్దమ్మ ఏడవలేదు. ఆ ఏడూ కరువే. ఆడవాళ్ళు రోకలి తీసుకుని వచ్చి వాకిట్లో నిలబడితే, "నాకు రాదు, మర్చిపోయినా" అంది. ఊరందరికీ కోపం వచ్చింది. ముసలితనంలో టెక్కు ఎక్కువైందన్నారు. దొరసానితో ఒకసారి మర్చిపోయానని చెప్పాక, దాన్ని అబద్ధం చేయడం ఆమెకు ఇష్టం లేకపోయిందని నేననుకుంటాను. కప్పతల్లి ఆట కూడా క్రమంగా తగ్గిపోయింది. ఇప్పుడు నీళ్ళు ట్యాంకర్లలో వస్తున్నాయి, ట్యాంకరు డ్రైవరుకు పాటలు అక్కర్లేదు, ఫోను చేస్తే చాలు. ఆ పాట నాకు వచ్చా అంటే, వచ్చు, రాదు. రోకటి దెబ్బ ఒకటి, దొరసాని ఆగిపోయిన ఆ చోటు ఒకటి గుర్తున్నాయి. మధ్యలో ఉండవలసిందంతా పోయింది. ఆ లోయలోనూ లేదు, మా దగ్గరా లేదు.

పెద్దమ్మ చివరి రోజుల్లో మంచం పట్టినప్పుడు నేను వెళ్ళి కొన్నాళ్ళు దగ్గరున్నాను. జొన్న గంజి తాగిస్తుంటే ఒక సాయంత్రం గిన్నె పక్కకు నెట్టి, ఏ సందర్భమూ లేకుండా, "ఒక్క ముక్క అందిచ్చి ఉంటే పోయేది గదా పాపా" అంది. ఏ ముక్క అని నేను అడగలేదు. "తప్పో ఒప్పో, నోటికి వచ్చింది అనేసి ఉంటే ఆమే దిద్దుకొని ఉండు. నేనే శానా రోషపడితి. తప్పు పాడినానని ఆమెకు తెలుస్తాదని భయపడితి. పాట పోయిందనుకొని పోయింది ఆ తల్లి" అంది. పోనీలే పెద్దమ్మా అనడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే అది పోనిచ్చే సంగతి కాదు. కాలం ఎవరి కోసమూ ఆగదని అందరూ అంటారు గానీ, ఆ మధ్యాహ్నం ఆ వరండాలో అది మా కోసం కాసేపు ఆగింది. మా పెద్దమ్మే నోరు తెరవలేదు.